సంఘం ఎత్తిన చేతులు

మా బాప్టిస్టు సంఘం ఒకప్పుడు సైకిల్ షాపు మీది అద్దె గదిలో ఉండేది. ఏ నిర్ణయమైనా సభ్యులు చేతులెత్తి తేల్చాల్సిందే. ఫ్యాను ఎక్కడ బిగించాలన్నదానికి కూడా పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు స్టేడియమంత హాలు, ఏసీలు, పెద్ద తెరలు, కార్లు ఎక్కడ ఆపాలో చూపించడానికి ఈలలేసే మనుషులు. పాస్టరుకి కళ్ళు నెత్తికెక్కాయి. జనానికి బుర్రలు మొద్దుబారాయి. నేను కీబోర్డు వాయిస్తాను. మెల్లగా ఒక రాగం మొదలై, లైట్లు తగ్గితే చాలు, అందరూ కళ్ళు మూసుకుని చేతులెత్తేస్తారు. స్టేజీ మీద ఏం చెబుతున్నారో వినే ఓపిక ఎవడికీ లేదు.

నా మేనకోడలు అక్కడే పాడేది. రిహార్సల్ గదిలో పాస్టరు అల్లుడు తనమీద చెయ్యి వేశాడని అందరి ముందూ చెప్పింది. ఇంకేముంది, అల్లుడికి శాలువా, పిల్లకి వెలి! ఆ వెలివేసేదేదో పాత పద్ధతిలో, చేతులెత్తించి చేద్దామన్నాడు పాస్టరు. ఆరాధన టీవీలో లైవ్ వస్తుంది కదా, గౌరవంగా ఉంటుందట.

మా అక్క, అంటే ఆ పిల్ల కన్నతల్లి, ఆ చేతులెత్తే ఆదివారానికి ముందురోజే తేల్చి చెప్పింది.

"దైవజనుడి ఇంటిమీద నిందలేస్తే నోరు పడిపోతుందిరా."

"నీ కూతురు అబద్ధం చెబుతోందా అక్కా?"

"నిజమే అనుకో. ఊరంతా చాటుకోవాలా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం పాస్టరు అతితెలివి చూపించాడు. "ఈ అమ్మాయిని వెలివేయడం ఇష్టంలేనివాళ్ళు చేతులెత్తండి" అని ముందు అడిగాడు. ఒక్క చెయ్యీ లేవదని, తెరమీద ఆ దృశ్యం బాగా పండుతుందని ఆయన ఎత్తు. నేను కీబోర్డు మీద ఆ మెల్లని రాగం అందుకున్నాను. లైట్లు చూసేవాడు అలవాటుగా తగ్గించాడు. హాలంతా చేతులు లేచాయి. కొందరైతే ఏడ్చేశారు కూడా.

పాస్టరు మైకులో అరిచాడు. "అది కాదు! వెలివేయాలనేవాళ్ళు ఎత్తండి!"

నేను ఆపేశాను. లైట్లు వెలిగాయి. చేతులన్నీ దిగిపోయాయి. భక్తులు కళ్ళు నులుముకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు నవ్వు ఆగలేదు.

మేనకోడలు మాత్రం నవ్వలేదు. ముందు వరసకేసి చూస్తోంది. అక్కడ ఒకే ఒక్క చెయ్యి అప్పుడు పైకి లేచింది. మా అక్కది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"గెలిచామే," అన్నాను బయటికొచ్చాక మేనకోడలితో.

"పాస్టరు అడిగింది విని చెయ్యెత్తింది అమ్మ ఒక్కతే మామయ్యా," అంది. "నేను మీ ఇంటికొస్తాను."