చెవి మీది గంటు

ఇటుకపొడితో మాంసం కాల్చే ఏడో ఇనుప సీకును రుద్దుతుండగా గేటు దగ్గర గొర్రె అరుపు వినబడింది. వంటమనిషి పోతులయ్య చెయ్యి ఆగింది. పదమూడేళ్లుగా ఇదే వరస. పెనుకొండ ప్రయాణికుల బంగళా ముందు రోడ్డు మీద మంద పోయినప్పుడల్లా చేస్తున్న పని వదిలి గేటు దాకా వెళ్లి, మందను తోలుకుపోయే మనిషి ముఖం చూసి వెనక్కి వచ్చేవాడు.

ఈసారి మంద కాదు. గొర్రెల వ్యాపారి సుంకన్న, అతడి చేతి తాడుకు ఒకే ఒక పొట్టేలు. ఆ సాయంత్రం ఇంజనీరు శ్రీనివాసులుగారి యాభయ్యో పుట్టినరోజు విందు. ధర్మవరం నుంచి, హిందూపురం నుంచి పన్నెండుమంది వస్తున్నారు. మామూలు కూర వద్దని, దొరల కాలంలో చేసినట్టు మాంసం నిప్పుల మీద కాల్చి, సీకు పట్టుకుని ప్లేటు ప్లేటుకూ తిరిగి కోసి వడ్డించాలని ఆయన వారం ముందే చెప్పారు. ఆ పని పోతులయ్య కుర్రతనంలో ఒక దొరగారి బట్లరు దగ్గర నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. సన్నగా, కాస్త వంగి ఉంటాడు. కుడి ముంజేతి మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయి మళ్లీ మొలవలేదు. పొగకు కళ్లు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉంటాయి. అందుకే అతడు ఏడ్చినా ఎవరికీ తెలిసేది కాదు.

గొర్రెలు కాసే కురుబల ఇంట పుట్టినవాడు కనుక పొట్టేలు పళ్లు చూశాడు, నడుము పట్టి చూశాడు, అలవాటుగా చెవి తడిమాడు. వేలు అక్కడే నిలిచిపోయింది. ఎడమ చెవి అంచున రెండు గంట్లు, వాటి కింద చిన్న చిల్లి. అది వాళ్ల నాయన పెట్టిన గురుతు. నాయన పోయాక అన్న గోవిందప్ప మందకు తప్ప ఆ గురుతు మరే మందకూ లేదు.

"యాడ కొన్న్యావప్పా దీన్ని?"

"అమరాపురంలో. ఒక ముసలాయన దగ్గర."

ఇంకొకటి లేదా అని అడిగాడు. పొద్దు నెత్తిమీదికొచ్చిందని, ఇప్పుడు మరొకటి వెతికి తేవడం కుదరదని సుంకన్న అన్నాడు. పోతులయ్య పొట్టేలును పెరట్లోకి నడిపించుకెళ్లి, బావిలో నీళ్లు చేది పెట్టాడు. అది తాగినంతసేపూ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తరువాత తాడు సుంకన్న చేతికిచ్చి, వంటింట్లోకి పోయి వెల్లుల్లి దంచసాగాడు. బయటి చప్పుడేదీ చెవిన పడకుండా, దంచిందే దంచాడు.

పదమూడేళ్ల కిందట, పందొమ్మిదివందల యాభైరెండు కరువులో గోవిందప్ప భార్యతో, రెండువందల గొర్రెలతో పడమటికి పోతూ ఈ గేటు ముందు ఆగాడు. ఊళ్లో బావులన్నీ ఎండినా బంగళా బావిలో నీళ్లున్నాయి. లోపల ఎవరో పెద్ద అధికారి భోంచేసి పడుకున్నాడు. గేటుకు అవతల అన్న, ఇవతల తమ్ముడు. "సారు ఉండాడన్నా. గొర్రెల్ని లోపలికి తోలద్దు" అన్నాడు పోతులయ్య. గోవిందప్ప బతిమాలలేదు, తిట్టలేదు. గేటు కమ్మీల మీది నుంచి చెయ్యి తీసి మందను మళ్లించుకుని వెళ్లిపోయాడు. ఆ అధికారి సాయంత్రం దాకా లేవనే లేదు. మరునాడు పోతులయ్య కొండ మలుపు దాకా వెళ్లి చూస్తే దారి పక్కన పదకొండు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. వాటి చెవులు చూడకుండానే తిరిగొచ్చాడు.

సుంకన్న చర్మం మడిచి చంకన పెట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. మాంసం బేసిన్లో పెట్టానని చెప్పాడు. పోబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"పెనుకొండకు తోలుకపోతాండానని చెప్తే, ఆ ముసలాయన ఒక మాట అడిగినాడప్పా. బంగళా బాయిలో నీళ్లుండాయా అని."

పోతులయ్య రోకలిబండ కింద పెట్టాడు. "నువ్వేమన్న్యావు?"

"ఉండాయని చెప్పినా. ఊపిరి అందడంల్యా ఆయనకు. శానా దినాలు ఉండేట్టు లేడు."

దీపాలు పెట్టే వేళకు వరండా నిండిపోయింది. పెరట్లో పొడుగాటి గాడిపొయ్యిలో తుమ్మబొగ్గులు కణకణలాడుతున్నాయి. కొవ్వు బొట్లు బొట్లుగా నిప్పుల మీద పడి చిటపటమంటోంది. ఉప్పు సరిపోయిందో లేదో మొదటి ముక్క తిని చూడటం పోతులయ్య అలవాటు. ఆ రోజు చూడలేదు. ఇత్తడి బొత్తాల తెల్లకోటు తొడుక్కుని, సీకును ప్లేటులో నిలబెట్టి పై నుంచి కిందికి పలచగా కోస్తూ, ఒక్కొక్కరి కుర్చీ పక్కకూ వెళ్లాడు. అందరూ మెచ్చుకున్నారు. ఇంత మెత్తని మాంసం ఎప్పుడూ పెట్టలేదే అంటూ ఇంజనీరుగారు పొట్టేలు ఎక్కడిదని అడిగారు.

"మా యన్నదయ్యా."

"నీకు అన్న ఉన్నాడా? ఎప్పుడూ చెప్పలేదే."

పదమూడేళ్లలో అన్న అనే మాట అతడి నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "ఉండాడయ్యా" అన్నాడు. హిందూపురం డాక్టరుగారు చాలని చెయ్యి అడ్డం పెట్టినా చూసుకోక, ఆయన వేళ్ల మీదికి మరో ముక్క కోశాడు.

అతిథులు వెళ్లాక రెండు రోజులు సెలవు అడిగాడు. ఎల్లుండి పై అధికారి దిగుతున్నాడని, ఆయన వెళ్లిపోయాక చూద్దామని ఇంజనీరుగారు మంచిగానే చెప్పారు. "అట్లేనయ్యా" అని పోతులయ్య వంటింట్లోకి నడిచాడు.

తెల్లవారాక సీకులన్నీ కడిగి, తుడిచి గోడకు చేర్చాడు. పాత సీసా ఒకటి మూడుసార్లు కడిగి, బావినీళ్లు పట్టి గుడ్డపీలికతో బిరడా బిగించాడు. ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. హిందూపురం బస్సులోనూ, అక్కడి నుంచి మడకశిర మీదుగా పోయే బస్సులోనూ సీసాను ఒళ్లో నిలువుగా పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి అమరాపురం చేరి, విచారించుకుంటూ ఊరి చివర గుడిసె ముందు నిలబడ్డాడు. తల నెరిసిన వదిన గుర్తుపట్టింది. పక్కకు తప్పుకుంది.

గోవిందప్ప గోడకు చేరగిలబడి ఎగశ్వాస పీలుస్తున్నాడు. కళ్లకు పొరలు కమ్మాయి. పోతులయ్య ఆయన తల ఎత్తి పట్టి సీసా నోటికి అందించాడు.

"తాగన్నా. బంగళా బాయివి."

ముసలాయన రెండు గుక్కలు మింగాడు. చెయ్యి చాచి, తల పట్టుకున్న ముంజేతిని తడిమాడు. ఊపిరి కూడదీసుకుని, "మిగిలినవి గొర్రెలకు పొయ్యిరా" అన్నాడు. పోతులయ్య దొడ్లోకి వెళ్లాడు. దొడ్లో తొమ్మిది గొర్రెలున్నాయి. రాతితొట్టిలో సీసా వంచాడు. ఒక్కదానికి కూడా చాలని ఆ కాసిని నీళ్లకు తొమ్మిదీ మూతులు చేర్చాయి. అతడు చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.

మూడో రోజు పొద్దున గోవిందప్ప పోయాడు. దినాలయ్యాక పోతులయ్య ఆ తొమ్మిదింటినీ తోలుకుని మేతకు వెళ్లాడు. మళ్లీ పెనుకొండకు రాలేదు.

బంగళాకు కొత్త వంటమనిషి వచ్చాడు. వంటింటి తలుపు వెనక మేకుకు పోతులయ్య వదిలిపోయిన ఇత్తడి బొత్తాల తెల్లకోటు వేలాడుతూ ఉండేది. భుజాల దగ్గర అతడికి ఇరుకైంది. ఉతకమని ఊరి చాకలికి రెండుసార్లు వేశాడు. వేసవి వచ్చినా, దాని కుడిచేతి అంచులో పొగవాసన పోలేదు.