పెద్దకూతురి ఇల్లు

"సెవస్తీ, తలగుడ్డ కట్టుకున్నావా? టూరిస్టుల బస్సు వచ్చేసింది!" మినాస్ వాకిట్లోంచి కేకేశాడు.

సెవస్తి రొట్టెల పిండి పిసుకుతోంది. ఆగస్టు ఎండ, పక్కన రాజుకున్న బట్టీ, కాళ్లకు మేకతోలు బూట్లు, ఒంటిమీద మందపాటి నల్ల గౌను. ఇవే బట్టలు ఆమె తల్లీ వేసుకుంది, కానీ ఫొటోల కోసం కాదు. సెవస్తి రోజుకు నలభై రొట్టెలు కాలుస్తుంది, వచ్చినవాళ్లు తొక్కిన నేల తుడుస్తుంది, వాళ్లు నవ్వమంటే నవ్వుతుంది. "ఆవిడకేం పని, ఇంట్లోనే కదా ఉండేది" అంటాడు మినాస్. ఇరవై ఆరేళ్లుగా వింటోంది. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తులేదు.

గ్రీసు దేశపు కార్పథోస్ దీవిలో, కొండమీది ఆ ఊళ్లో, ఇల్లు తల్లి నుంచి పెద్దకూతురికి వస్తుంది. కూతురి పెళ్లికి తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకుని పొలంలోని ఒంటిగది కొట్టానికి వెళ్లిపోవాలి. సెవస్తి పెళ్లికి ఆమె తల్లి అలాగే వెళ్లింది. మినాస్ చేతులూపుకుంటూ ఇల్లరికం వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు వాళ్ల పెద్దకూతురు మరూక్ల పెళ్లి వచ్చే నెలలో. ఆయనకు మాత్రం కదలాలని లేదు. "ఈ కాలంలో ఆచారాలెవడు చూస్తున్నాడు? పిల్ల రేవులో అద్దెకుంటుందిలే. సోమవారం నోటరీ దగ్గర ఇల్లు నా పేర రాసెయ్" అని వారంగా ప్రాణం తీస్తున్నాడు. సెవస్తి "చూద్దాం" అంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె చెప్పే జవాబు అదే.

జనం లోపలికొచ్చారు. గోడనిండా పింగాణీ పళ్లేలు, ఎత్తయిన చెక్క అరుగు, దానిమీద కుట్టుపని పరుపులు. మినాస్ రొమ్ము విరుచుకున్నాడు.

"మా ఊరి ఆచారం మీరెక్కడా చూడరు! ఇల్లు పెద్దకూతురిది. పెళ్లి రోజుకల్లా ఖాళీ చేసిచ్చేస్తాం. ప్రాణం పోయినా మాట తప్పం!"

అబ్బ, ఎంత చక్కగా చెబుతున్నాడు, అనుకుంది సెవస్తి. నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే ఒళ్లు మండింది. పోయిందనుకున్న కోపం ఎక్కడికీ పోలేదు.

"మరి మీకు కూతుళ్లున్నారా?" అడిగింది ఏథెన్సు నుంచి వచ్చిన పెద్దావిడ.

మినాస్ గోడమీది పళ్లేల వైపు చెయ్యి చూపించబోయాడు. సెవస్తి పిండిచేతులతోనే ముందుకొచ్చింది. వచ్చినవాళ్లతో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ఉందమ్మా. వచ్చే నెల పన్నెండున పెళ్లి. ఆ రోజుకి ఇల్లు దానికిచ్చేస్తున్నాం. మీరూ రండి."

అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మంలో నిలబడ్డ ఎదురింటి కలీత్స అందరికంటే గట్టిగా కొట్టింది. "శభాష్ మినాస్! ప్రాణం పోయినా అన్నావు, నేను విన్నాను. ఊరంతా చెప్తానుండు!"

బస్సు వెళ్లిపోయాక మినాస్ విరుచుకుపడ్డాడు. "నలుగురిలో నా నోరు కట్టేస్తావా? ఆ కొట్టంలో ఉన్నది ఒక్క మంచం. ఇద్దరం ఎలా సరిపోతాం?"

"ఇద్దరం అని ఎవరన్నారు?" అంది సెవస్తి.