తెగని లైను

సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో, ఆళ్లగడ్డలో నరసింహులు నడిపే డేటా ఎంట్రీ ఆఫీసుకు ఉన్నది ఒకే ఫోను లైను. ఇంటర్నెట్టూ దాని మీదే. లైను తెగినా, నాలుగు నిమిషాలు ఏ మీటా నొక్కకపోయినా, హైదరాబాదు కంప్యూటర్లో అంతవరకూ చేసిందంతా గంగలో కలిసినట్టే. అందుకే ఒకరు లేస్తే పక్కవాళ్లు లేచినవాళ్ల మీట కూడా నొక్కుతుండాలి. కన్నబిడ్డకు కూడా ఎవరూ అంత కాపలా కాయరు.

ఆ రోజు నాగవేణి అన్నానికి కూడా లేవలేదు. తల్లి ఈరమ్మ నంద్యాల ఆసుపత్రిలో ఉంది. ఏదైనా అయితే ఫోను చేయమని తమ్ముడికి ఈ ఆఫీసు నంబరే రాసిచ్చింది. ఫోను రాలేదు కదా అన్న ధైర్యంతో సాయంత్రం అయిదు దాకా మీట నొక్కుతూనే ఉంది.

"ఎనిమిది గంటలు తెగల్యా! నీ చెయ్యి బంగారం మా" అన్నాడు నరసింహులు.

నాగవేణి నవ్వి, ఇంటర్నెట్టు ఆపి లైను వదిలింది. వెంటనే ఫోను మోగింది.

"యాడుండావక్కా? పొద్దున్నుంచి చేస్తానే ఉండా, ఎప్పుడు చేసినా ఎంగేజే!" తమ్ముడు ఏడుస్తున్నాడు. "అమ్మ మూడు దాకా నీ కోసం వాకిలి దిక్కే చూసింది."

ఆమె చేతిలోంచి జారిన రిసీవరును నరసింహులు తీసి, జాగ్రత్తగా పెట్టేశాడు.

"అయ్యేది అయిపాయ మా. ఇంకా పది ఫారాలుండాయి. పోయేముందు లైను కలిపి పో."