యావిరెట్స్ ఇళ్ళ పట్టీ

మా ఆయన సేమన్ కవి. అది చాలదన్నట్టు సంపాదకుడు కూడా. పోలండ్ కొండల్లో వాళ్ళవాళ్ళు మాట్లాడే లెమ్కో భాషలో ఏటా ఒక పత్రిక వేస్తాడు. పోలిష్ ఇంట్లో పుట్టిన నేను పెళ్ళయ్యాక ఆ భాష నేర్చుకుని, దాని అచ్చుతప్పులు ఏరుతూ ముసలిదాన్నయ్యాను. ఈసారి చివరి పేజీ ఖాళీగా ఉంది. అక్కడ వాళ్ళ తాతల ఊరు యావిరెట్స్ ఇళ్ళన్నీ వరసగా రావాలి. పంతొమ్మిది వందల నలభై ఏడులో పోలిష్ సైన్యం లెమ్కోలందర్నీ రైళ్ళెక్కించి పడమటికి తోలేశాక ఆ ఊళ్ళో గోడ కూడా మిగల్లేదు. ఏ ఇల్లు ఎక్కడుండేదో తెలిసిన మనిషి తెక్లా అవ్వ ఒక్కతే. ఎనభై నాలుగేళ్ళు. మొన్న చలికాలంలో రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. ఇప్పుడు చెప్పకపోతే ఆ పేజీ ఇక నిండదని ఈయనకి ఒకటే బెంగ.

పొద్దున్నే పొగమంచులో అవ్వని తీసుకుని ఆ ఊరుండే లోయకి వెళ్ళాం. నడుము దాకా గడ్డి, మధ్యమధ్య అడివి పట్టిన ఆపిల్ చెట్లు. వాగు చప్పుడు వినబడుతోంది గాని వాగు కనబడదు.

"ఒరేయ్ సేమన్, ఎక్కడ నడుస్తున్నావురా? అది కోవల్ వాళ్ళ పొయ్యి! ఇవతలికి రా!" అని అరిచింది అవ్వ.

అరవై మూడేళ్ళ మనిషి ఒక్క గెంతు గెంతాడు. నాకు నవ్వాగలేదు.

అవ్వ లేని కంచెల చుట్టూ తిరిగి, లేని గుమ్మం ముందు ఆగి, "క్రీస్తుకు జయం!" అని పలకరించేది. లోపలివాళ్ళు బదులిచ్చేదాకా ఆగేది. అప్పుడు చెప్పేది, ఈయన నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

"వీళ్ళు కందెనోళ్ళు. బండి ఇరుసులకి కందెన అమ్ముతూ హంగరీ దాకా పోయేవాళ్ళు. అబ్బో, ఏం గొప్పలనుకున్నావ్! ఇంట్లో మాత్రం రోజూ ఓట్స్ పులిజావే."

కాసేపటికి నేనూ తల వంచి గుమ్మాలు దాటుతున్నాను. ఎవరింట్లోనో రొట్టె కాలుతున్న వాసన. నిజంగా వచ్చింది, ఒట్టు.

ముప్పై ఇళ్ళయ్యాయి. ముప్పై ఒకటో చోట అవ్వ గడ్డిలో చతికిలబడింది.

"ఇది మీ ఇల్లే కదా అవ్వా? పేరు చెప్పు," అన్నాడు ఈయన.

"చెప్పను. ఏం రాశావో ముందు చూపించు."

పుస్తకం లాక్కుని పైన ఉన్న శీర్షిక చదివింది. 'గతించిన ఊరు.' ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఎవర్రా గతించింది? నేనా? నలభై ఏళ్ళుగా మా ఊరి చావు మీద పద్యాలు రాసి పేరు తెచ్చుకున్నావు. శవప్పెట్టె మూసేముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశావా?"

 ఆయన్ని చూస్తే జాలేసింది గాని అవ్వ అన్నదాంట్లో తప్పేముంది? నాకూ ఇన్నేళ్ళూ తట్టలేదు. ఆయన పుస్తకం తిరిగి తీసుకుని మెల్లగా శీర్షిక కొట్టేశాడు.

"ఇప్పుడు రాయి. బుర్యాక్ వాళ్ళిల్లు. ఉంటున్నది తెక్లా. బయటికెళ్ళింది, వచ్చేస్తుంది." చేతికర్ర పక్కకి తిప్పింది. "అది మీ తాత ఇల్లు. ఎవరుంటున్నారు?"

"అవ్వా, నేను పుట్టింది పడమటి ఊళ్ళో. ఇక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు..."

"నేనడిగింది అది కాదు."

ఆయన కలం కాగితం మీద ఆన్చాడు. కలం కదల్లేదు. నేనే పుస్తకం తీసుకుని 'సేమన్' అని రాసి మూసేయబోయాను.

"నీ పేరేదే?" అంది అవ్వ. "పరాయిదానిలా గుమ్మంలో నిలబడ్డావేం? లోపలికి రా."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను 'పోలిష్ పిల్ల' అని తప్ప ఇంకోలా పిలవలేదు. నా పేరు రాయడానికి వంగితే కాగితం మసకబారింది.