మంచు బండికి రెండో జత గ్రిప్పులు

నాగేష్ టవర్ దగ్గరికి వెళ్లినప్పుడే రూపకు ఫోన్ వస్తుంది.

అతను ఉండే క్యాంపు మనాలి దాటిన తర్వాత ఒక లోయలో ఉంది. లోయలో సిగ్నల్ లేదు. పైన కొండ మీద ఫోన్ టవర్ ఉంది. దాని జనరేటర్ చూసుకోవడం నాగేష్ పని. చలికాలంలో ఆ దారి మంచు కింద ఉంటుంది కాబట్టి స్నో స్కూటర్ మీద వెళ్లాలి. ముందు రెండు చెక్కలు, వెనక రబ్బరు పట్టా, పైన మోటార్ సైకిల్‌కు ఉన్నట్టే హ్యాండిల్. నాగేష్ పైకి వెళ్లి డీజిల్ పోస్తాడు, బ్యాటరీలు చూస్తాడు, తర్వాత జనరేటర్ గదిలో గోడకు ఆనుకొని రాయచూరుకు ఫోన్ చేస్తాడు.

ఫిబ్రవరిలో ఫోన్ వచ్చినప్పుడు రూప గంజ్ రోడ్డులోని షాపులో కాలిన మోటర్‌లోంచి పాత తీగ పీకుతోంది. కత్తెర కింద పెట్టి ఫోన్ ఎత్తింది.

"ఎట్లున్నవ్?"

"బానే ఉన్న."

"గొంతు అట్లెందుకుంది?"

"గాలి." కాసేపు గాలే వినిపించింది. తర్వాత అన్నాడు, "కుడిచేతి రెండు వేళ్లు తెల్లగయినయి రూపా."

"తెల్లగంటే?"

"సున్నం రాసినట్ల. రంగు మళ్ల వచ్చింది. కొసలకు మాత్రం తెలుస్తలేదు. కింద డాక్టర్ చూసిండు. ఇంకోసారి గిట్లయితే కొసలు ఉండవన్నడు."

"చేతికి గ్లౌజులు లేవా?"

"ఉన్నయి. గ్లౌజులేసుకున్నా ఇనుము పట్టుకున్నట్లే ఉంటది. హ్యాండిల్ గ్రిప్పులల్ల హీటర్లున్నయి, అరచేతికి కొంచెం తెలుస్తది, వేళ్లకు రాదు. కంపెనీని అడిగితే వచ్చే సీజన్‌కు కొత్తయి పంపుతమన్నరు."

"అయితే పైకి పోకు. సుస్తీ అని చెప్పు."

"పోకుంటే నీకు ఫోనెట్ల చేయాలె?"

మే నెలలో అతని కాంట్రాక్టు అయిపోతుంది. తిరిగొచ్చి ఈ షాపులోనే కూర్చోవాలని ఇద్దరూ అనుకున్నారు. కూర్చుంటే చేయాల్సిన పని వైండింగ్, మోటర్లకు తీగ చుట్టడం. వైండింగ్ వేలి కొసల పని.

షాపు రూప తండ్రి ఓబులేసుది. కల్మల, మాన్వి వైపు రైతులు కాలిన పంపు మోటర్లు తెస్తారు. ఇక్కడ లోపలి తీగ తీసేసి కొత్త తీగ చుడతారు. నాగేష్ ఈ షాపులో పని నేర్చుకొని, పని చేసి, రూపను పెళ్లి చేసుకున్నాడు. రాగి తీగను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒకసారి దొర్లించి దాని మందం, గేజీ నంబరు, చెప్పేవాడు. కొలిచే స్కేలు గోడకు వేలాడుతూ ఉండేది, అతను దానివైపు చూడడు. పెళ్లయిన కొత్తలో రూప కళ్లు మూసి చేతిలో తీగ ముక్క పెట్టేవాడు. "చెప్పు." తప్పు చెబితే చాయ్ ఆమె తేవాలి. మొదటి వర్షాకాలమంతా చాయ్ ఆమే తెచ్చింది. తర్వాత ఇద్దరూ సమానం అయ్యారు.

కాలువకు నీళ్లు వదలని ఏడాది పొలాల్లో మోటర్లు తిరగలేదు. తిరగని మోటర్ కాలదు. షాపులో ఒక మనిషికి సరిపడే పని మిగిలింది. శక్తినగర్‌లో ఒక కంపెనీ జనరేటర్ మెకానిక్‌లను తీసుకుంటోందని తెలిసి నాగేష్ వెళ్లాడు. అక్కడినుంచి అతన్ని కొండల్లోకి పంపారు.

"గ్రిప్పు ఊడదీసి ఫోటో పంపు," అంది రూప ఆ రోజు ఫోన్‌లోనే. "పైపు కొలత చెప్పు. బండి ఎంత కరెంటు ఇస్తదో చెప్పు."

"నువ్వు చేస్తవా?"

"తీగ చుట్టుడే కదా. ఇంకెవలు చేస్తరు?"

బండి ఇచ్చే కరెంటు తక్కువ. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఇంకా తక్కువ. రూప ఇస్త్రీ పెట్టెలకు వాడే తీగ తెచ్చింది. హ్యాండిల్ మీదికి తొడిగేలా నాగేష్ చెప్పిన కొలతకు పైపు ముక్కలు రెండు కోయించి, వాటి మీద తీగను బిగించి చుట్టింది. వార్నిష్ పూసింది. పైన రబ్బరు తొడిగి, రబ్బరుకు సన్నని చీలికలు పెట్టింది. షాపులో ఏ మోటర్‌కైనా అలాగే చేస్తారు. తీగ ఇనుముకు ఆనుకుని ఉండాలి, గాలికి దారి ఉండాలి, లేకపోతే వేడెక్కి కాలిపోతుంది.

కల్మల నుంచి వచ్చిన శరణబసవ తన మోటర్ కోసం బెంచీ మీద కూర్చుని ఇదంతా చూశాడు.

"ఓబులన్నా, నీ బిడ్డ ఏం చేస్తుంది?"

"చేతులకు హీటర్ చేస్తుంది."

"రాయచూర్లనా?" శరణబసవ తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "మా ఊరోళ్లు వింటే ఇద్దర్నీ ధార్వాడ పిచ్చాస్పత్రికి తోల్తరు. ముందు నా మోటర్ చూడమ్మా. పైరు ఎండుతుంది. బేగ, బేగ."

"నీ మోటర్ వార్నిష్ ఆరాలె, శరణబసవన్నా. ఊదుకుంట కూసో."

వాకిట్లో పెట్టి ట్రాక్టర్ బ్యాటరీకి తగిలిస్తే గ్రిప్పు కొద్దిసేపటికే చేయి పెట్టలేనంత కాలింది. చేతికి బొబ్బలొస్తాయని రూప కొన్ని చుట్లు తీసేసింది. అప్పటికి మార్చి వచ్చింది. ఆ పైపు పొద్దున్నుంచి ఎండలో ఉంది. కరెంటు ఇవ్వకముందే అది వేడిగా ఉందని షాపులో ఎవరికీ తట్టలేదు.

పార్శిల్ మనాలి ఆఫీసుకు వెళ్లింది. అక్కడినుంచి క్యాంపుకు సామాను తీసుకెళ్లే వాళ్లతో పైకి వెళ్లాలి. పార్శిల్ కట్టేముందు రూప అందులో వేలెడు రాగి తీగ వేసింది. దాని గేజీ ఎక్కడా రాయలేదు.

ఫోన్ కోసం చూసింది. మోటర్‌ను సుత్తితో కొట్టే మోతలో రింగు వినపడదని ఫోన్‌ను జాకెట్‌లో పెట్టుకుంది, అదిరితే తెలుస్తుందని.

అదిరింది.

"బిగించినవా?"

"బిగించిన." అన్నాడు నాగేష్. "కష్టపడి చేసినవ్."

"కాలుతుందా?"

"కొంచెం."

"నిజం చెప్పు."

"పాతయే నయం, రూపా. చెయ్యి పెడితే ఏం తెలుస్తలేదు. కానీ ఒక వింత చూసిన. హ్యాండిల్ మొదట్ల బ్రాకెట్ ఉంది చూడు, ఆడ మంచు కరిగి కారుతుంది."

రూప ఆ మాట మనసులో పెట్టుకుంది. తర్వాత అడిగింది. "తీగ చూసినవా?"

"ఏ తీగ?"

"పార్శిల్ల."

"ఆఁ, ఉంది. ఇంకా చూడలే. చీకటి పడుతుంది, దిగాలె. పెడ్త."

అతను తీగ పట్టుకుని చూశాడని ఆమెకు తెలుసు. సంచిలో, జేబులో, రోడ్డు మీద, ఎక్కడ తీగ కనబడినా దొర్లించకుండా ఉండలేని మనిషి. పట్టుకుంటే ఏమీ తెలిసి ఉండదు.

ఆ పూట రూప అన్నం తినలేదు. ఓబులేసు కంచం ఆమె ముందు పెట్టి అడిగాడు.

"ఏమన్నడు?"

"గ్రిప్పు వేడెక్కుతలేదంట. హ్యాండిల్ మొదట్ల మంచు కరుగుతుందంట."

ఓబులేసు బీడీ చెవి మీదినుంచి తీసి, ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పాడు. "అంటే వేడి పుడుతుంది. పైపు తాగుతుంది."

రూప తలెత్తింది.

"మన మోటర్ బాడీకి రెక్కలెందుకుంటయి బిడ్డా? వేడి లోపల ఉండకుండ బయటికి పోవాలని. నువ్వు గట్లనే చుట్టినవ్. నేను చూస్తనే ఉన్న, బాగ చుట్టినవనే అనుకున్న. మనం పుట్టిన కాడికెల్లి వేడిని ఎల్లగొడుతనే ఉన్నం. ఉంచుకునుడు మనకేడ తెలుసు?"

"రబ్బరుకు చీలికలు గూడ పెట్టిన, నాయినా."

"పెట్టినవ్. మంచు గాలికి తలుపు తీసి పెట్టినవ్." బీడీ మళ్లీ చెవి మీద పెట్టాడు. "తిను. తిని మళ్ల చుట్టు. ఈసారి ఎండల చూడకు."

ఎండ లేని చోటు రాయచూరులో ఐస్ ఫ్యాక్టరీ ఒక్కటే. చేపల మార్కెట్‌కూ సోడా బండ్లకూ దిమ్మెలు వేసే ఆ ఫ్యాక్టరీ హంపమ్మది. రూప పైపు ముక్క పట్టుకుని వెళ్లి చెప్పింది. హంపమ్మ విన్నది.

"పైపును దిమ్మెల గడ్డ కట్టించాలె?"

"ఒక కొస గడ్డల ఉండాలె అక్కా, ఒక కొస బయట. బండి కూడ గంతే కదా, అంతా చల్లబడి ఉంటది."

"పెళ్లిళ్లకు ఐసుల గులాబీలు పెట్టియ్యమంటరు. పైపు పెట్టియ్యమన్నది నువ్వే తల్లీ."

మర్నాడు పైపు ఒక కొస గడ్డలో ఉండి, రెండో కొస దిమ్మెలోంచి బయటికి పొడుచుకు వచ్చి ఉంది. రూప దిమ్మెల గదిలో పీట వేసుకుంది. ఫ్యాను తెచ్చి చేతిమీదికి తిప్పింది. మొదట కరెంటు ఇవ్వకుండానే పైపును గట్టిగా పట్టుకుంది. ముందు అతనికి ఎలా ఉంటుందో తెలియాలి.

మొదట వేళ్లు నొప్పి పెట్టాయి. తర్వాత నొప్పి తగ్గింది. తగ్గినందుకు ఆమె ఊపిరి పీల్చుకుంది. అప్పుడు కొంగు ముడిలోంచి తీగ ముక్క తీసి దొర్లించబోయింది. తీగ చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియలేదు. కళ్లతో చూస్తే ఉంది. చూస్తుండగానే కింద పడింది.

హంపమ్మ తలుపు తీసేసరికి రూప నేల మీద తీగ కోసం వెతుకుతోంది. తీగ కళ్ల ముందే ఉంది. వేళ్లు దాన్ని ఎత్తలేకపోతున్నాయి.

"ఏనవ్వా ఇది! లే, బయటికి రా." హంపమ్మ ఆమెను ఎండలోకి లాక్కొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుంది. "ఏడుస్తవెందుకు? వస్తది, ప్రాణం వస్తది. మా కూలోళ్లకు రోజూ ఇదే."

"ఆయన గిట్లనే ఫోన్ చేస్తడక్కా. గిట్ల ఉన్న చేత్తోనే నంబర్ కొడుతడు."

హంపమ్మ రూప వేళ్లలోకి మంట వచ్చేదాకా చేతులు వదల్లేదు.

రెండో జతకు రూప తొందరపడలేదు. గంజ్‌లోని జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి తెచ్చి పైపు మీద పొరగా పరిచింది. దాని మీద మోటర్లలో వాడే కాగితం చుట్టింది. తీగ దాని మీద. ఇప్పుడు తీగ ఇనుముకు ఎక్కడా తగలదు. అరచేయి వైపు చుట్లు తగ్గించి, వేళ్లు మూసుకునే వైపు దగ్గర దగ్గరగా తిప్పింది. ఆ వైపు ఎంత దగ్గరగా ఉండాలో తెలియడానికి నాగేష్ వేళ్లు గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. అతని వేళ్లు ఆమె వేళ్ల కంటే ఒక కణుపు పొడవు. పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు ఉంది. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ మీటకు కూడా నాలుగు చుట్లు వేసింది. రబ్బరుకు చీలిక పెట్టలేదు.

ఐస్ ఫ్యాక్టరీలో మళ్లీ దిమ్మె, మళ్లీ ఫ్యాను. ఈసారి బ్యాటరీ తగిలించింది. హంపమ్మ తలుపు దగ్గర నిలబడి, పిలిచినప్పుడల్లా పలకాలని చెప్పింది. రూప పలుకుతూనే ఉంది. బయటికి వచ్చి తీగ దొర్లించి గేజీ చెప్పింది. స్కేలు మీద పెట్టి చూసింది. సరిపోయింది.

ఈసారి ఒకటి కాదు, అలాంటివే రెండు జతలు చేసింది, ఒకటి పంపడానికి, ఒకటి షాపులో ఉంచుకోవడానికి.

"రెండోది ఎందుకు?" అన్నాడు ఓబులేసు.

"ఏమన్న అయితే, ఇక్కడ చూసుకొని ఫోన్‌ల చెప్పొచ్చు."

పార్శిల్‌లో మళ్లీ ఒక తీగ ముక్క వేసింది.

ఏప్రిల్ వచ్చింది. షాపు రేకుల కింద మధ్యాహ్నం పని ఆగిపోయేది. మనాలి ఆఫీసు వాళ్లు సామాను పైకి పోయిందన్నారు. దారిలో మంచు జారి పడిందని, సామాను తీసుకెళ్లేవాళ్లు మధ్యలో ఆగారని తర్వాత చెప్పారు. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. ఫోన్ జాకెట్‌లోనే ఉంది. అది అదరకపోయినా అదిరినట్టు అనిపించి రూప రోజుకు ఎన్నోసార్లు బయటికి తీసి చూసేది. కొత్త గ్రిప్పులు అందకుండా అతను పైకి వెళ్లకూడదని కోరుకునేది. ఫోన్ రావాలని కూడా కోరుకునేది. రెండూ ఒకేసారి జరిగేవి కావు.

ఒక మధ్యాహ్నం ఫోన్ అదిరింది. ఓబులేసు బెంచీ మీద పడుకుని ఉన్నాడు.

"అందినయి," అన్నాడు నాగేష్. "బిగించిన. ఎక్కి వచ్చిన."

"ఊఁ."

"బ్రాకెట్ దగ్గర మంచు అట్లనే ఉంది. కరగలే."

రూప స్టూలు మీద కూర్చుంది. "చెయ్యి?"

"చెయ్యి ఉంది." నవ్వాడు. "వేళ్ల మధ్యన ఏదో పట్టుకున్నట్లుంది. మనిషి చెయ్యి లాగ. దారంతా ఏందిరా ఇది అనుకున్న. బొటనవేలుకు గూడ పెట్టినవ్. నేనడగలే."

"తీగ ఉందా?"

"జేబుల ఉంది."

"పట్టుకో."

గాలి మోత. దాని వెనక జనరేటర్. గ్లౌజు తీస్తున్న చప్పుడు.

"ఇరవై రెండు."

రూప కళ్లు మూసుకుంది. సరే అంటే అయిపోతుంది. అతను సంతోషంగా కిందికి దిగుతాడు.

"మళ్ల చూడు," అంది.

"కాదా?"

"తొందరేముంది? దొర్లించు. నెమ్మదిగ."

మళ్లీ గాలి. ఆమె తన బొటనవేలిని చూపుడు వేలి మీద దొర్లిస్తోంది. మధ్యలో ఏమీ లేదు.

"ఇరవై మూడు," అన్నాడు. తర్వాత, "ఇరవై మూడే. మొదలు తెలియలే. ఇప్పుడు తెలుస్తుంది. చూపుడు వేలు కొసకు కొంచెం ఆలస్యంగ వస్తుంది."

"రానీ."

"చాయ్ ఎవలు తేవాలె?"

"ఒకసారి తప్పు చెప్పినవ్. నువ్వే తేవాలె."

"తెస్త. ఇంకో నెల." ఎవరో హిందీలో పిలిచారు. "మబ్బు పడుతుంది. దిగుతున్న. బండి ఎక్కుతున్న."

ఫోన్ ఆగింది.

రూప లేచి అల్మారాలోంచి షాపులో ఉంచుకున్న రెండో జత తీసింది. పైపు ముక్కను వైస్‌లో బిగించి ట్రాక్టర్ బ్యాటరీకి తీగలు తగిలించింది. బయట తారు మెత్తబడింది. లోపల రేకులు చిటపటమంటున్నాయి. ఆమె గ్రిప్పును కుడిచేత్తో పట్టుకుంది. చెమట మణికట్టు మీదుగా మోచేతికి కారింది.

ఓబులేసు కళ్లు తెరిచాడు. "ఈ ఎండల ఏందది? పిచ్చా?"

"టెస్టింగ్, నాయినా."

"పనిచేస్తుందని చెప్పలేదా అల్లుడు?"

"చెప్పిండు."

ఓబులేసు గోడవైపు తిరిగి పడుకున్నాడు. టవర్ నుంచి క్యాంపుకు దిగడానికి ఎంతసేపు పడుతుందో రూపకు తెలుసు. అంతసేపూ ఆమె పట్టు వదల్లేదు.