కన్ను కొట్టని మామయ్య

మామయ్య నిజం చెబితే నమ్మే నాథుడు ఇంట్లో లేడు. తప్పు ఆయనదే. బావగారి గొడుగులో పిండి పోసి, వానరోజున విప్పించిన మనిషి మాట ఎవరు నమ్ముతారు?

అలాంటివాడికి ఆసుపత్రి గదిలో నిజం చెప్పాల్సిన గతి పట్టింది.

మేనకోడలు కుట్టుషాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నమయ్యేసరికి చేతులు బరువెక్కి కత్తెర కూడా ఎత్తలేదు. "ఒళ్ళు వంచదు" అంటూ షాపు యజమానురాలు నెలాఖరుకల్లా మానేయమంది. చూసిన డాక్టర్లంతా బాగా తినమన్నారు. "నత్తమ్మ" అని పేరు పెట్టి ఏడిపించింది మాత్రం మామయ్యే.

ఈ డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు చూసి చెప్పింది. "ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని బుల్లి బుల్లి పొయ్యిలుంటాయి. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. అవి సరిగా మండకపోతే కండ తొందరగా అలిసిపోతుంది. నా అనుమానం అదే. అవి తల్లి నుంచే వస్తాయి. మీ పుట్టింట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"ఎవరికీ లేదండీ" అంది అమ్మాయి తల్లి, మామయ్య చెల్లెలు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకుందమ్మా. సగం మెట్లెక్కేసరికి కాళ్ళు మొరాయిస్తాయి. అక్కడే ఏదో కోతివేషం వేసి నవ్విస్తా. చూసేవాళ్ళు నవ్వుతుండగా నేను ఊపిరి పీల్చుకుంటా."

"అన్నయ్యా! ఇక్కడ కూడానా?" చెల్లెలు భగ్గుమంది. "చూడండి డాక్టరుగారూ, చెబుతూనే కన్ను కొడుతున్నాడు!"

ఆయన కుడిరెప్ప సగం వాలి ఉంది. పొద్దువాలితే ఎప్పుడూ అంతే. కన్ను కొడుతున్నాడని ఇన్నేళ్ళూ అందరూ నవ్వారు. ఆయనా సర్దుకుపోయాడు. చేతగానివాడు అనిపించుకోవడం కన్నా చిలిపివాడు అనిపించుకోవడమే నయం కదా!

డాక్టరమ్మ నవ్వలేదు. "తల కదపకుండా పైకి చూడండి. అమ్మాయీ, నువ్వు కూడా."

ఇద్దరి కనుగుడ్లూ కాస్త లేచి ఆగిపోయాయి. రెప్పలూ పైకి పోలేదు.

"కన్ను కొట్టేవాళ్ళు అడిగితే తెరుస్తారమ్మా" అంది డాక్టరమ్మ. "ఈయన తెరవలేకపోతున్నారు."

చెల్లెలు లేచి వచ్చి అన్నయ్య రెప్పను దగ్గరగా చూసింది.

కొన్ని వారాలకు ఇద్దరి పరీక్షల్లోనూ ఒకే లోపం బయటపడింది. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆకలితో ఉండకూడదు, ఆగి ఆగి పని చేసుకోవాలి, అడక్కుండా ఏ మందూ మింగకూడదు. మామయ్య పిల్లలకు ఆయన నుంచి రాదట.

"నావల్లే కదా దీనికి వచ్చింది" అని చెల్లెలు కళ్ళు తుడుచుకుంది.

"ఊరుకోవే! అమ్మ ఆస్తిలో నాకు చిల్లిగవ్వ దక్కలేదని సణుగుతూ వచ్చానా? ఇదిగో, నీతో సమానంగానే పంచింది!"

"అయితే నువ్వు నత్తయ్యవి మామయ్యా!" మేనకోడలు పడీ పడీ నవ్వింది.

డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని మామయ్యే షాపుకి వెళ్ళాడు. యజమానురాలు రెండుసార్లు చదివింది. ఆయన మొహం చూసి, "ఇందులో మీ వేళాకోళమేం లేదు కదా?" అంది.

"సంతకం చూడండి తల్లీ, నాకంత అందంగా రాయడం వస్తే ఇలా ఎందుకుంటాను?"

మర్నాడు మేనకోడలు ఒక చొక్కాచెయ్యి కుట్టి, మిషను ఆపి, గోడకు చేరగిలబడింది. యజమానురాలు ఒకసారి చూసి, తన పని తాను చేసుకుంది. కాసేపటికి రెండో చెయ్యి అందుకుంది.