విప్పిన తొట్టెల

ఇంటి ముందర బండి ఆగిందంటే చాలు, సత్యవ్వ గుండె జారిపోయేది. మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చినాయనను కూడా, "నా కొడుక్కేమైందయ్యా?" అని అడిగింది. ఆయన బిత్తరపోయి, "సిలిండరొచ్చిందవ్వా, ఇంకేం గాలే" అన్నాడు.

కొడుకు దేవేందర్ మిలిటరీలో ఉన్నాడు. మంచుకొండల మీద పోస్టుకు ఎక్కాడు. అక్కడికి ఫోన్ అందదు. అతను కొండ ఎక్కాకే కోడలు స్రవంతికి ఆడపిల్ల పుట్టింది. నొప్పులు మొదలైతే పక్కింటి బాలలక్ష్మి ఆటో పిలిపించి, ఎల్లంతకుంట నుంచి సిరిసిల్ల దవాఖాన దాకా స్రవంతి తలను ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయింది. ఆ పుణ్యాత్మురాలిని తలుచుకోకుండా సత్యవ్వ దీపం పెట్టదు. కోడలితోనే ఒక్క సణుగుడు: స్నానాల గదిలోకి పోతే నల్లా విప్పి నీళ్లు ఊరికే వదిలేస్తుందని.

ఇవాళ ఇరవై ఒక్కటో రోజు, పాపను తొట్టెల్లో వేసి పేరు పెట్టే రోజు. పేరు చెవిలో చెప్పాల్సిన మేనత్త, సత్యవ్వ కూతురు సరోజన, ముస్తాబాద్ నుంచి పొద్దున్నే వచ్చి దూలానికి చీరతో తొట్టెల కట్టింది. చుట్టాలొచ్చారు. అందరూ చూస్తుండగానే సత్యవ్వ పోయి చీర ముడి విప్పేసింది.

"తండ్రి లేకుండ తొట్టెల చేసేది తండ్రి లేని పిల్లకు. నా కొడుకు బతికుండంగ నేను గట్ల చెయ్య. వాడచ్చినంకనే."

"వాడు మంచిగనే ఉన్నడు. నువ్వే వాన్ని రోజూ చంపుతున్నవవ్వా!" సరోజన నెత్తి కొట్టుకుంది.

"థూ! నీ నోట్లె మన్నువడ!"

స్రవంతి ఫోన్ పట్టుకుని ముందుకొచ్చింది. "అత్తమ్మా, ఆయన కొండ మీదికి పోయేముందు మీకోసం ఓ మాట రికార్డు చేసి పంపిండు. తొట్టెల నాడు వినిపియ్యమన్నడు."

సత్యవ్వ వెనక్కి జరిగింది. "అద్దు బిడ్డా. మల్ల రానోళ్లే గట్ల మాటలు దాచిపెట్టి పోతరు. టీవీల సూడలేదా?"

"నాకు భయం, బుగులు లేదనుకుంటున్నరా?" స్రవంతి ఫోన్ దించింది. "నల్లా ఊకె ఇప్పుతనని తిడ్తరు గదా. గా సప్పుడుల ఏడుస్త. మీ ముంగట ఏడిస్తే మీరు తట్టుకోరని."

సత్యవ్వ కోడలి దగ్గరికి జరిగింది. "పెట్టు" అంది.

ఫోన్‌లోంచి దేవేందర్ గొంతు వచ్చింది: "అవ్వా, నేను లేనని తొట్టెల ఆపినవా? చీర గిట్ల ఇప్పినవా ఏంది? మల్ల కట్టు. ఆడివిల్లైతే హిమజ, మొగోడైతే స్రవంతి ఇష్టం. ముందుగాల ఆమెకింత అన్నం వెట్టు. నువ్వు బుగులువడుకుంట బాలెంతను ఉపాసముంచుతవు."

ఇల్లంతా నవ్వులతో గొల్లుమంది. సత్యవ్వ ఏడుస్తూనే నవ్వింది. తనే పీట ఎక్కి చీర మళ్లీ కట్టి, రెండు చేతులా గుంజి చూసింది. సరోజన పాప చెవిలో పేరు చెప్పింది.

సత్యవ్వ అన్నం కలిపి కోడలి నోట్లో ముద్ద పెట్టింది. "నీ అసొంటి పిల్లను ఇచ్చినందుకు దేవునికి వెయ్యి దండాలు. ఇగ నల్లా ఇప్పకు బిడ్డా. నా పక్కన కూసోని ఏడువు."

బయట బండి ఆగింది. సత్యవ్వ చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మరో ముద్ద కలుపుతూ, "సరోజనా, జర సూడు. ఎవరో అన్నానికొచ్చినట్టున్నరు" అంది.